నెరిసిన జుట్టు వాగ్దానం

నతానియేలుకి చావంటే భయం లేదు. ఆ మాట ఆయన చాలామందితో చెప్పాడు కూడా. నాలుగేళ్ళ కిందట భార్య రూతు వెళ్ళిపోయినప్పుడు చావుని దగ్గర్నుంచి చూశాడు. అది అనుకున్నంత ఆర్భాటం మనిషి కాదు. చెప్పుల చప్పుడైనా లేకుండా వచ్చి, పని చూసుకుని పోయే గుమస్తాలాంటిది. ఆయన భయమల్లా ముసలితనమంటేనే. చావు ఒక్కసారి వచ్చి ఊరుకుంటుంది. ముసలితనం పాలవాడిలా రోజూ వస్తుంది, తలుపు తీసేదాకా గంట కొడుతూనే ఉంటుంది.

ఆయనకి యాభై ఐదేళ్ళు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో సీనియర్ కెమిస్టు. బాయిలర్లలోకి పోయే నీళ్ళు పరీక్ష చెయ్యడం ఉద్యోగం. రికార్డుల ప్రకారం రిటైర్మెంటు దగ్గర పడుతోంది గానీ, తనలో తాను మాత్రం నలభై రెండు దగ్గర ఆగిపోయాడు. ఆ నలభై రెండే ఎందుకంటే చెప్పలేడు. బహుశా "ఇంకా కుర్రాణ్ణే అనుకుంటున్నారా?" అని రూతు చివరిసారి తిట్టింది ఆ ఏడే కావచ్చు.

రూతు ఉన్నన్నాళ్ళూ ఈ బెంగ లేదు. ఒకే బండిలో పక్కపక్కన కూర్చుని పోయేవాళ్ళకి బండి వేగం తెలియదు. ఆమె మధ్యలో దిగిపోయాక గానీ అది ఎంత జోరుగా పోతోందో ఆయనకి తెలియలేదు. అక్కణ్ణుంచి లోకమంతా కూడబలుక్కున్నట్టు ఆయన వయసే మాట్లాడటం మొదలుపెట్టింది. బస్సు కండక్టరు "పెద్దాయనా, కాస్త లోపలికి జరగండి" అన్నాడు. టీవీలో జుట్టురంగు ప్రకటన సరిగ్గా ఆయన అన్నం తినే వేళకే వచ్చేది. రెండు వేల సంవత్సరం వస్తోంది, కంప్యూటర్లన్నీ రెండు సున్నాలు చూసి పంతొమ్మిది వందలనుకుని పొరబడతాయని అందరూ హడలిపోతుంటే, తమ ఆఫీసు కంప్యూటరు నిజంగానే పొరబడితే బావుండునని నతానియేలు లోలోపల ఆశపడ్డాడు. ఆ లెక్కన ఆయన ఇంకా పుట్టనే లేదు.

లోకం మాట లోకం అంటే, ఆయన జవాబు ఆయన చెప్పాడు. పదిహేను రోజులకోసారి శనివారం సాయంత్రం చిన్న గిన్నెలో నల్లరంగు కలుపుకుని, పాత పళ్ళబ్రష్షు పట్టుకుని, మొగల్రాజపురంలో తన ఇంటి అద్దం ముందు నిలబడేవాడు. గంటసేపు పని. అయ్యాక అద్దంలో నిగనిగలాడే నల్లటి తల ఒకటి మసగ్గా కనిపించేది. మసగ్గా కనిపించడం అద్దం తప్పనుకుని రెండుసార్లు అద్దం మార్చాడు.

తప్పు అద్దానిది కాదు. కుడికంట్లో శుక్లం. దసరాకి ముందే కూతురు శాలిని బలవంతాన లాక్కెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించింది. డాక్టర్ ఆస్మా చిన్న వయసు మనిషి, నవ్వు మొహం. కంట్లోకి లైటు కొట్టి చూసి, "అంకుల్, ఇది ముదిరిపోయింది. పండేదాకా ఆగడానికి ఇదేమీ మామిడికాయ కాదు. ఇంకా ఆలస్యం చేస్తే గట్టిపడి ఇబ్బందవుతుంది. ఎడమదానిక్కూడా మొదలైంది. వెంటనే చేయించుకోండి," అంది.

నతానియేలు చెవిలో ఆ మొదటి మాటే మిగిలింది. అంకుల్.

"చేశాక ఏమైనా పథ్యాలుంటాయామ్మా?"

"పెద్దగా ఏం లేవు. కొన్నాళ్ళు వంగకూడదు, బరువులెత్తకూడదు. నెల పైన తలస్నానం వద్దు. జుట్టుకి రంగులూ అవీ అసలొద్దు."

"ఆలోచించి చెప్తానమ్మా," అన్నాడు నతానియేలు. క్రిస్మస్ వెళ్ళిపోయినా ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఈలోపు కళ్ళు లేకుండా బతకడంలో ఆయన మంచి నేర్పరి అయ్యాడు. లాబ్‌లో బ్యూరెట్ గాజుగొట్టం మీద గీతలు కనిపించకపోతే పక్కనున్న కొత్త అమ్మాయికిచ్చి, "నువ్వే చూసి చెప్పమ్మా, నేర్చుకోవాలి కదా" అనేవాడు. పిల్లలకి పని నేర్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా అని పేరొచ్చింది. స్కూటరు షెడ్డులో పెట్టేసి నడక ఆరోగ్యానికి మంచిదన్నాడు. చర్చిలో ఆదివారం వాక్యపాఠం చదివే బాధ్యత చాలా ఏళ్ళుగా ఆయనది. శనివారమే ఆ పాఠాన్ని భూతద్దం పెట్టి కంఠతా పట్టేవాడు. ఆదివారం పుస్తకం తెరిచి, కళ్ళు దించి, ఒక్క తడబాటు లేకుండా అప్పజెప్పేవాడు. తడబాటు లేనంతసేపు కంటిలో దీపం ఆరిపోతోందని ఎవరికీ తెలియదు. ఒక ఏడాది ఇలాగే గడిస్తే పాఠం మాట అలా ఉంచి, కూతురి మొహం కూడా కనిపించదని ఆయనకి తెలుసు. తెలిసీ, గుడ్డివాణ్ణయినా అవుతాను గానీ ముసలివాణ్ణి కాను అన్నట్టుండేది వ్యవహారం. ఎమ్మెస్సీ చదివిన మనిషి.

జనవరి ఒకటిన పొద్దున ఆరాధన తర్వాత వాగ్దాన కార్డులు తీశారు. కొత్త సంవత్సరంనాడు అదొక ఆనవాయితీ. పళ్ళెంలో కార్డులు బోర్లించి, పైన కుట్టుపని చేసిన తెల్లగుడ్డ కప్పుతారు. ఒక్కొక్కరూ వరసలో వచ్చి, కళ్ళు మూసుకుని, గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి ఒకటి తీసుకుంటారు. అందులో ఉన్న వాక్యం ఆ ఏడాదికి ఆ మనిషితో దేవుడు ఆడిన మాట. నేరుగా పైనుంచి వచ్చిన పోస్టుకార్డన్నమాట. పర్సులో దాచుకునేవాళ్ళున్నారు, క్యాలెండరు పక్కన అంటించుకునేవాళ్ళున్నారు. ఎవరికి ఏం వచ్చిందని గేటు దగ్గర కేకు తింటూ, టీ తాగుతూ అడగడం కూడా ఆనవాయితీలో భాగమే.

వరసలో నతానియేలుకి ముందు దానమ్మ గారు నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. ఉయ్యూరులో ఆయన బోర్డింగులో ఉండి చదువుకున్న రోజుల్లో అక్కడ మేట్రన్. ఆవిడ చేతి దెబ్బలు తిన్నవాళ్ళలో ఇప్పుడు ఇంజనీర్లున్నారు, ఒక జడ్జి ఉన్నాడు. ఆవిడ చెయ్యి గుడ్డ కింద ఒకచోట ఆగి, మళ్ళీ కదిలి, పక్కనున్న కార్డు తీసుకుంది. ఆ ఆగినచోటే నతానియేలు చెయ్యి పడింది.

కార్డు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. అక్షరాలు మజ్జిగలో పడ్డ చీమల్లా ఉన్నాయి.

"ఏమొచ్చిందయ్యా?" అంటూ సొలొమోను వచ్చాడు. సొలొమోను సంఘం కోశాధికారి, నతానియేలుకి కాలేజీనాటి స్నేహితుడు. నున్నటి బట్టతల. రంగు వేసుకోవడానికి ఏమీ మిగల్లేదు గనక వయసు మీద హాస్యాలాడే హక్కు తనదేనంటాడు.

"మంచిదే వచ్చింది," అన్నాడు నతానియేలు.

"మంచివి కానివి దేవుడెందుకేస్తాడు గానీ, చదువు."

"నువ్వే చదువు. నీ గొంతు బావుంటుంది."

సొలొమోను గొంతు సవరించుకుని పదిమందికీ వినబడేలా చదివాడు. ముసలితనం వచ్చేదాకా, తల నెరిసేదాకా కూడా నిన్ను నేనే మోస్తానని దేవుడి హామీ.

నతానియేలు చేతిలో కేకుముక్క సగం విరిగి కిందపడింది.

"తల నెరిసేదాకా అంటే నీకింకా చాలా టైముందయ్యా!" అన్నాడు సొలొమోను. అందరూ నతానియేలు తల వైపొకసారి చూసి, గబుక్కున టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. అసూయ, అనుకున్నాడు నతానియేలు.

అప్పుడే పక్కనుంచి దానమ్మ గారి గొంతు వినిపించింది. "నాకేమో గద్దలాగా మళ్ళీ కొత్తబలం వస్తుందిట. ఎగరడమొక్కటే తక్కువ!"

ఆ రాత్రి నతానియేలుకి అన్నం సయించలేదు. తర్వాత రెండు మూడు రోజులు కూడా అదే ఆలోచన. సైన్సు చదివినవాడు గనక విషయాన్ని సైన్సు ప్రకారమే ఆలోచించాడు. దానమ్మ గారి చెయ్యి మొదట తన కార్డు మీదే ఆగింది. అంటే అది ఆవిడకి ఉద్దేశించినది. ఆవిడ చివరి క్షణంలో చెయ్యి కదపడంవల్ల ఒకరిది ఒకరికి చేరింది. డెబ్బై దాటినావిడకి గద్దబలం, యాభై ఐదేళ్ళవాడికి నెరిసిన తల! ఇంత స్పష్టమైన పొరబాటు దిద్దుకోకపోవడం దేవుడి పట్ల కూడా అన్యాయమే.

శనివారం సాయంత్రం రంగు పని మానుకుని, బత్తాయిలు కొనుక్కుని, కృష్ణలంకలో దానమ్మ గారి ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. లోపల కుర్చీలో తెల్లచీరతో ఆవిడ కూర్చుని ఉంది. నతానియేలు చెప్పులు విడిచి, బత్తాయిల సంచి ఒళ్ళో పెట్టినంత వినయంగా ముందు పెట్టి, "వందనాలమ్మా" అన్నాడు. ఆవిడ పలకలేదు.

"ఒంట్లో బావుందా అమ్మా?"

"బానే ఉంది గానీ," అంది దానమ్మ గారి గొంతు వెనక వంటింటి గుమ్మంలోంచి, "ఆ కుర్చీ మీదున్నది నేను ఆరేసిన చీరరా. దానికెందుకు వందనాలు?"

నతానియేలు నవ్వేసి, "చీకటిగా ఉందమ్మా" అన్నాడు.

"చీకటా? లైటు వేసే ఉంది. కూచో. అది కాదు, పక్కది. ఏంట్రా అబ్బాయ్, దారి తప్పి వచ్చావా?"

అబ్బాయ్! ఆ ఒక్క మాటకి ఆయన ప్రాణం లేచొచ్చింది. ఈ ఊళ్ళో తనని ఇంకా ఆ పిలుపు పిలిచే మనిషి ఈవిడొక్కతే. ఆ ధైర్యంతోనే కార్డు బయటికి తీసి, వచ్చిన పని చెప్పాడు.

దానమ్మ గారు కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసింది. "మార్చుకుందామా? దేవుడేమన్నా చీరల కొట్టు పెట్టాడనుకున్నావా, రంగు నచ్చలేదని తిరిగివ్వడానికి?"

"అది కాదమ్మా. మీ చెయ్యి ముందు దీని మీదే ఆగింది. నేను చూశాను."

"చూశావా? కుర్చీలో ఉన్నది చీరో మనిషో తెలియనివాడివి, గుడ్డ కింద నా చెయ్యి చూశావా?"

నతానియేలు చేతిలో కార్డుని అటూ ఇటూ తిప్పాడు.

"ఆ గోడ మీద క్యాలెండరుంది. ఏ నెల తీసి ఉంది?"

"జనవరి," అన్నాడు ఆయన, లోకజ్ఞానం ఉపయోగించి.

"డిసెంబరు. ఇంకా తిప్పలేదు." ఆవిడ దగ్గరికొచ్చి ఆయన గడ్డం పట్టుకుని, బోర్డింగులో పేలు చూసేటప్పటిలాగా మొహం వెలుతురు వైపు తిప్పింది. "తెల్లగా కనబడుతూనే ఉందిరా పొర. నాక్కూడా ఉండేది. కిందటేడు చేయించేసుకున్నా. ఇప్పుడు సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నా. నీకేం రోగం? భయమా?"

"ఆపరేషనంటే భయం కాదమ్మా."

"మరి?"

చెప్పకూడదనుకున్నాడు. కానీ ఆవిడ ముందు అబద్ధం చెబితే చేతి మీద బెత్తం పడుతుందేమోనన్న పాత భయం ఒకటి ఇంకా ఒంట్లో ఉంది. "మా నాన్న," అన్నాడు. "ఉయ్యూరులో కళ్ళ క్యాంపు పెట్టినప్పుడు చేయించుకున్నాడు గదమ్మా. ఆ సోడాబుడ్డి కళ్ళజోడు పెట్టుకుని వచ్చి అరుగు మీద మంచంలో కూచున్నాడు. అంతే. మళ్ళీ పొలం మొహం చూడలేదు. క్యాంపుకి వెళ్ళేముందు రోజుదాకా చెరుకు నరికిన మనిషి. తిరిగొచ్చేసరికి ముసలాడైపోయాడు. అప్పటికి ఆయనకి సరిగ్గా నా వయసే. కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను సెలవు మీద వచ్చి చూసి, దొడ్లోకి పోయి ఏడ్చాను."

దానమ్మ గారు నవ్వడం మొదలుపెట్టింది. మొదట చిన్నగా, తర్వాత పొలమారేంతగా. కొంగుతో కళ్ళు తుడుచుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వింది.

"ఒరేయ్ పిచ్చి సన్నాసీ! మీ నాన్న ముసలాడైపోయాడా? ఆదివారం సాయంత్రాలు మా బోర్డింగు వరండాలో నాతో పులిజూదం ఆడేవాడు. ఆడటం కాదు, తొండి. నేనటు తిరిగితే చాలు, మేక ఒకటి మాయం. ఆ సోడాబుడ్డి అద్దాల్లోంచి అవతలి గోడ మీది బల్లి కూడా కనిపించేది ఆయనకి."

"మరి పొలం?"

"అదే చెబుతున్నా. నాతో ఏమన్నాడో తెలుసా? 'అమ్మగారూ, ఊహ తెలిసిన దగ్గర్నుంచీ చెరుకుతోటలో వంగే ఉన్నాను. డాక్టరుగారు వంగొద్దన్నారు. ఎన్నాళ్ళకి విన్నానండీ అట్టాంటి మాట! ఆయన నలభై రోజులన్నాడు. నేను మాత్రం ఇంటికొచ్చి, ఇక జన్మంతా వంగొద్దన్నారని చెప్పాను' అన్నాడు. మీ అమ్మకి కూడా తెలుసు. ఉద్యోగం చేసే కొడుకున్నాడు, ఇక కూచోనీలే అని ఊరుకుంది."

నతానియేలు బత్తాయిల సంచి ముడి విప్పి, మళ్ళీ వేశాడు. ఇన్నేళ్ళుగా తను ముసలితనమనుకుని దడుచుకుంటున్నది నాన్న పెట్టిన సెలవు! ఆ మంచం మీది మనిషిని తలుచుకుని ఎన్ని రాత్రులు నిద్ర చెడగొట్టుకున్నాడు, ఎన్ని డబ్బాల రంగు పూసుకున్నాడు. ఆ మనిషేమో అక్కడ దిలాసాగా కూర్చుని పులిజూదంలో మేకల్ని దొంగిలిస్తున్నాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ రాలేదు. దొంగముసలాడా, అనుకున్నాడు.

"నీ బాధంతా విన్నాను గనక ఒక బేరం," అంది దానమ్మ గారు. "కన్ను చేయించుకుని రా. గద్ద కార్డు ఇచ్చేస్తా. ముందు మాత్రం చచ్చినా ఇవ్వను."

నెలాఖరుకి ఆపరేషను ఏర్పాటైంది. బల్ల మీద పడుకోబెట్టాక డాక్టర్ ఆస్మా వంగి, "భయంగా ఉందా అంకుల్?" అంది.

"భయం లేదమ్మా. ఆ అంకుల్ అన్న మాటొక్కటే కొంచెం..."

"మరేమని పిలవమంటారు?"

నతానియేలు మాస్కుల మధ్య, లైట్ల కింద పడుకుని నిజాయితీగా ఆలోచించాడు. అన్నయ్యా అనమంటే బావుండదు. బాబూ అనమంటే అసలు బావుండదు. "అంకులే కానివ్వమ్మా," అన్నాడు.

మర్నాడు కట్టు విప్పగానే మొదట ఆయనకి కనిపించింది గోడ. వట్టి గోడ. కానీ ఎంత తెల్లటి గోడ! ఇన్నాళ్ళూ మసిపట్టిన లాంతరు చిమ్నీలోంచి చూసినట్టుంది లోకాన్ని. తర్వాత శాలిని మొహం కనిపించింది. వాళ్ళమ్మ కళ్ళు, వాళ్ళమ్మ ముక్కు. పాపిట పక్కన ఒక తెల్లవెంట్రుక. ముప్పై ఏళ్ళ పిల్లకి. ఆయన ఆమె తల నిమిరాడు.

పటమటలో శాలిని ఇంట్లో, డాక్టరిచ్చిన నల్లకళ్ళద్దాలు తియ్యకుండా వారం ఉండి, ఆమెని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. తాళం తీసి, నల్లద్దాలు విప్పి లోపలికి వెళ్తే, ఇల్లు ఇంత దుమ్ము పట్టి ఉందేమిటా అని ఆశ్చర్యపోయాడు. అలాగే అద్దం ముందుకి వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు.

అద్దంలో ఉన్న మనిషి తల మొదళ్ళ దగ్గర తెల్లగా, ఆ పైన ఇటుకపొడి రంగులో, చివర్లు వంకాయ రంగులో మూడు పంటల చేనులా ఉంది. ఎడమ చెవి పైభాగమంతా నలుపు. మెడ వెనక, చేతి అద్దంతో చూసుకుంటే, తాటాకు మంటలో పొగచూరిన కుండలా మరకలు. తలకన్నా రంగు చుట్టుపక్కలే ఎక్కువ పట్టింది. కళ్ళు కనబడని మనిషి పళ్ళబ్రష్షుతో ఏళ్ళ తరబడి గుడ్డిగా పూసుకుంటే ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"శాలినీ!" అని కేకేశాడు. ఆమె వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది నాన్నా? కన్ను నొప్పా?"

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" చెవి పట్టుకుని చూపించాడు, బళ్ళో శిక్ష పడ్డవాడిలా.

శాలిని కిందికి చూసింది. "చాన్నాళ్ళ నుంచే."

"ఇలాగే చర్చికొచ్చానా? ఇలాగే పాఠం చదివానా?"

"ఆఁ."

"ఇలాగే మీ మామగారి షష్టిపూర్తికి వచ్చి ఫొటోలో మధ్యన నిలబడ్డానా?"

ఆమె నవ్వాపుకోవాలని చూసి ఓడిపోయింది. ఆయనకీ నవ్వొచ్చింది గానీ పౌరుషం అడ్డుపడింది.

"ఒక్కళ్ళూ చెప్పలేదేమే? ఆ సొలొమోను... నోట్లో నువ్వుగింజ నానదే వాడికి, వాడు కూడా అన్లేదే!"

"సొలొమోను అంకులే అందరికీ చెప్పి ఉంచారు నాన్నా. ఎవరైనా జుట్టు మాటెత్తితే ఊరుకోనని. మా ఇంటికొచ్చి మాక్కూడా చెప్పారు."

నతానియేలు మంచం మీద కూర్చున్నాడు. గేటు దగ్గర టీ గ్లాసుల్లోకి చూసుకున్న మొహాలు గుర్తొచ్చాయి.

"నువ్వైనా చెప్పాల్సింది," అన్నాడు మెల్లగా.

శాలిని పక్కన కూర్చుంది. "అమ్మ పోయాక మీరు పాట మానేశారు, రేడియో మానేశారు. ఒక శనివారం నేనొచ్చేసరికి అద్దం ముందు నిలబడి రంగు వేసుకుంటూ ఈల వేస్తున్నారు. గుమ్మంలో నిలబడి విన్నాను. అమ్మ పోయాక మీ ఈల వినడం అదే మొదటిసారి. చెవికి రంగంటుకుందని అప్పుడెలా చెప్పను నాన్నా? మళ్ళీ మానేస్తారేమోనని భయమేసింది."

తను ఈల వేస్తాననే సంగతి ఆయనకి తెలియదు.

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాల్లో ఒక ఆదివారం నతానియేలు మళ్ళీ పాఠం చదవడానికి లేచాడు. నల్లకళ్ళద్దాలు జేబులో పెట్టుకున్నాడు. మంగలి రంగుపట్టిన చివర్లన్నీ కత్తిరించేయగా తల మీద మిగిలింది పొట్టిగా, తెల్లగా, ఉడకబెట్టిన జొన్నగింజల్లా ఉంది. ఆ రోజు పాఠం కంఠతా పట్టలేదు. అందువల్ల రెండుచోట్ల తడబడ్డాడు. ఒకచోట పొల్లు మింగేశాడు. అక్షరాలని అలా ఒక్కొక్కటే కళ్ళారా చూస్తుంటే, ముచ్చటపడి ఆగిపోతున్నాడు మరి.

ఆరాధన అయ్యాక సొలొమోను ఎదురొచ్చి ఆయన తల వైపు చూశాడు. నోరు తెరిచాడు. మూశాడు.

"ఇక అనవయ్యా," అన్నాడు నతానియేలు. "ఎన్నాళ్ళు ఉగ్గబట్టుకుంటావు? కడుపు ఉబ్బిపోతుంది."

సొలొమోను ఆ తర్వాత ఆగకుండా అన్నవన్నీ ఇక్కడ రాయడానికి వీలు కాదు. పాస్టరుగారి భార్య కూడా నవ్విందని చెబితే చాలు.

మెట్ల దగ్గర దానమ్మ గారు గోడ పట్టుకుని నిలబడి ఉంది. సంచిలోంచి కార్డు తీసి, "ఇదిగో, మాటంటే మాట. గద్దని తీసుకుని నాది నాకియ్యి," అంది.

నతానియేలు చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగింది. "ఉండనివ్వండమ్మా. ఇది అలవాటైపోయింది."

"అలవాటేంట్రా! నాక్కావాలి. మోకాళ్ళు అరిగినదాన్ని, నాకు ఎగరడమెందుకు? మోసేవాడుంటే చాలదూ? ఆవేళ నువ్వు అడగ్గానే ఇచ్చేద్దామనుకున్నా. నీ కన్ను చూసి ఆగాను."

"బేరం మీరు పెట్టారు గదా, నేను వద్దంటే..."

"ఇస్తావా, గుంజీలు తీయించనా?"

ఇచ్చాడు. ఇస్తుంటే మనసు చివుక్కుమంది. ఆవిడ దాన్ని చదువుకుని, జాకెట్లో దోపుకుని, ఆయన మొహంలోకి తలెత్తి చూసింది.

"కొత్త కన్ను గదా, నిజం చెప్పు. నేనెలా ఉన్నాను?"

ఆయన చూశాడు. ఇన్నాళ్ళూ ఆవిడంటే ఒక గొంతు, ఒక తెల్లచీర, అంతే. ఇప్పుడు మొహం కనిపించింది. కాలవలు కట్టేసిన వేసవిలో బందరు కాలవ అడుగున నెర్రెలిచ్చిన ఒండ్రులాగా, ఎక్కడా ఇంత నున్నటి చోటు లేదు. అలాగే ఉన్నారమ్మా అనడం సులువు. తనకి అందరూ చేసిపెట్టిన ఉపకారం అదే. కానీ ఆవిడ కళ్ళు బెత్తం పట్టుకున్నట్టే ఉన్నాయి.

"బాగా ముసలివారయ్యారమ్మా," అన్నాడు.

"హమ్మయ్య!" అంది దానమ్మ గారు. "ఒక్కడు చెప్పాడు. ఎవర్నడిగినా అలాగే ఉన్నారు, అలాగే ఉన్నారంటారు. అలాగే ఉండటానికి నేనేమన్నా ఊరగాయనా?" అని ఆయన మోచేతిని ఊతకర్రలా పట్టుకుంది. "పద, ఎండెక్కుతోంది. రిక్షా దాకా నెమ్మదిగా పోదాం. ముసలివాళ్ళం."

నతానియేలు ఆవిడకి తోడుగా ఒక్కొక్క మెట్టే దిగాడు. ఆ మాటలో తనని కూడా కలిపేసిందని గేటు దాటాక గానీ ఆయనకి తట్టలేదు. కాదనడానికి అప్పటికి ఆలస్యమైపోయింది. పైగా రిక్షావాడు వాళ్ళిద్దర్నీ చూసి, బండిని దగ్గరికి తెచ్చి, నీడలో ఆపాడు.